పగ ప్రేమగా మారేది ఎప్పుడు?



ఇటీవల ఆరాధన ముగిసిన తరువాత సబ్బవరంలో ఒక తల్లి నా చేతిలో నవల పెట్టింది. "అయ్యగారూ, మా పాప రాత్రుళ్లు ఇదే చదువుతుందండి. మానీమని మీరైనా చెప్పండి" అంది. అది యద్దనపూడి సులోచనారాణిగారి 'సెక్రటరీ'. 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమాగా కూడా వచ్చింది. జయంతి, రాజశేఖరం ఒకరినొకరు అపార్థము చేసుకొని, పౌరుషాలకు పోయి, చివరకు దగ్గరవుతారు. "మీరు చదవలేదా అమ్మా?" అంటే ఆమె నవ్వింది. పెండ్లికి ముందు అద్దెకు తెచ్చుకొని చదివిందట!

ఇటువంటి కథలకు పెద్దదిక్కు 1813లో వచ్చిన 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'. అనగా గర్వము, దురభిప్రాయము. వ్రాసిన జేన్ ఆస్టెన్ ఒక పాదిరిగారి కుమార్తె. అందులో డార్సీ అనే ధనవంతుడు చిన్న ఊరి నృత్యసభలో ఎలిజబెత్‌ను చులకన చేస్తాడు. ఆమె అది విని, అతని మీద మరొకడు చెప్పిన చాడీలు కూడా నమ్ముతుంది. పెండ్లాడమని అడిగితే కాదంటుంది.

అక్కడ మూడు సంగతులు గమనించండి. అతడు కోపముతో కక్ష కట్టక తన గర్వము విడిచాడు. ఆమె తన తీర్పు తప్పని ఒప్పుకొంది. ఆమె చెల్లెలి బ్రతుకు పాడు కాబోతే అతడు తన డబ్బు పెట్టి గుట్టుగా చక్కబెట్టాడు.

యౌవనస్థులైన చెల్లెమ్మలారా, తిట్టేవాడు, చెయ్యి చేసుకునేవాడు లోలోపల ప్రేమిస్తున్నాడని భ్రమపడవద్దు. ఎలిజబెత్ ఒప్పుకున్నది అతని మార్పు చూచిన తరువాతనే.

ఆ తల్లితో, "పుస్తకము లాక్కోవద్దు. పక్కన కూర్చొని, ఇందులో మారినది ఎవరని అడుగమ్మా" అన్నాను. ఆమె కాసేపు తల వంచుకొంది. "మా ఇంట్లోనే మాటలు లేవయ్యగారూ. ఆయనా నేనూ మాట్లాడుకొని పది రోజులైంది" అంది. ఆమె సమ్మతితోనే ఇది వ్రాస్తున్నాను.

మాటలు లేని ఇంట్లో ఆ పిల్ల రాజీపడే కథ వెదుక్కొంటోంది!

నవల పెండ్లితో ముగుస్తుంది. మన పని అక్కడే మొదలవుతుంది. కానుక బలిపీఠము దగ్గర విడిచి, ముందు వెళ్లి సమాధానపడుమని మత్తయి 5వ అధ్యాయములో ప్రభువు చెప్పారు గదా. తప్పు ఎవరిదని ఆగక, ఈ రాత్రి మొదటి మాట మీరే మాట్లాడండి. పిల్లలు వినేలా మాట్లాడండి.