మోటారు సైకిలు వెనుకబండికి టైర్ల నెన్నుకొనుట

మోటారు సైకిలునకు వెనుక తగిలించి లాగెడు రెండు చక్రముల చిన్నబండిని ఇంగ్లండు, అమెరికా మున్నగు దేశములలో ట్రెయిలరందురు. మన మీ వ్యాసమున దానిని వెనుకబండి యందము. దూరప్రయాణములు చేయువారు గుడారమును, దుప్పట్లను, వంటపాత్రలను అందుంచుకొని పోవుదురు. ఈ బండికి ఇంజను లేదు. త్రిప్పుటకు పిడి లేదు. పెక్కింటికి బ్రేకులును లేవు. అందుచేత దాని చక్రములకు ఏ టైరైనను చాలునని పలువురు తలంతురు. ఈ తలంపు ప్రమాదకరము. టైరు రిమ్మునకు సరిపోవుట వేఱు, పనికి సరిపోవుట వేఱు. ఈ భేదమును విద్యార్థులకు, వారి తలిదండ్రులకు తేటపఱచుటయే మా యుద్దేశము.

మొదట టైరు చేయు పని యేమో తెలిసికొందము. గాలి నింపిన చక్రమునకు 1845లో రాబర్టు విలియం థామ్సను అను స్కాట్లండు దేశీయుడు పేటెంటు పొందెను. అది వాడుకలోనికి రాలేదు. 1888లో బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యుడుగా నున్న జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడు చక్రముల సైకిలునకు గాలి గొట్టములు కట్టి, ఆ విద్యను మరల కనుగొని వ్యాపింపజేసెను. నాటినుండి నేటివఱకు సూత్ర మొక్కటే: బరువును మోయునది రబ్బరు కాదు, దానిలో బంధింపబడిన గాలి. రబ్బరును, దానిలోని దారములును ఆ గాలిని పట్టియుంచు సంచి వంటివి. సంచి పాడైనను, గాలి తగ్గినను, బరువు నేలపాలగును.

ఇక బండి యెంత బరువు మోయునో చూతము. బ్రిటనులో దీనికి స్పష్టమైన నిబంధనలు కలవు. వెనుకబండిని లాగు మోటారు సైకిలు ఇంజను 125 సీసీలకు మించినదై యుండవలెను. బండి వెడల్పు ఒక మీటరు దాటరాదు. సామానుతో కూడ దాని బరువు 150 కిలోలకు గాని, మోటారు సైకిలు సొంత బరువులో మూడింట రెండు వంతులకు గాని, ఈ రెంటిలో ఏది తక్కువయో దానికి మించరాదు. 180 కిలోల వాహనము 120 కిలోల బండిని మాత్రమే లాగవచ్చును. 270 కిలోల వాహనమునకు లెక్క ప్రకారము 180 కిలోలు వచ్చినను, 150తోనే ఆగవలెను. కావున ఒక్కొక్క టైరుపై పడు బరువు 75 కిలోలకు మించదు. ఇతర దేశముల నిబంధనలు వేఱుగా నుండును గనుక ఎవరి దేశపు చట్టమును వారు చూచుకొనవలెను.

75 కిలోలే కదా యని తేలికగా తీసికొనరాదు. టైరు ప్రక్కభాగమున అచ్చువేసిన అక్షరములను, అంకెలను చదువ నేర్వవలెను. వానిలో మొదటిది కొలత. 4.80/4.00-8 అని యున్నచో చివరి 8 అనునది రిమ్ము అడ్డుకొలతను అంగుళములలో తెలుపును. మన ఆటోరిక్షాలలో చిరకాలముగా వాడుచున్న 4.00-8 టైరును ఇట్టి 8 అంగుళముల రిమ్ముపై ఎక్కునదే. ఆ పిదప 62M వంటి గుర్తు కనబడును. అందు 62 అనునది కిలోలు కాదు. అది పట్టికలోని వరుససంఖ్య. 50 అనగా 190 కిలోలు, 60 అనగా 250, 62 అనగా 265, 70 అనగా 335 కిలోలు. అక్షరము వేగమును తెలుపును: J అనగా గంటకు 100 కిలోమీటర్లు, K అనగా 110, L అనగా 120, M అనగా 130. బ్రిటనులో వెనుకబండితో పోవువారు పెద్ద రహదారులపై గంటకు 60 మైళ్ళు, అనగా సుమారు 97 కిలోమీటర్లు దాటరాదు. J గుర్తు దీనికి బొటాబొటిగా సరిపోవును. K గాని, అంతకు పై గుర్తు గాని గలదానిని తీసికొనుట మేలు.

ఇక్కడ నొక మోసము దాగియున్నది. తోటపనిలో మట్టి మోయు ఒంటిచక్రపు తోపుడుబండ్లకును ఇదే కొలత టైర్లు దొరకును. వాని వెల తక్కువ. రిమ్ముపై చక్కగా కూర్చుండును, గాలియు నిలుచును. కాని అవి మనుష్యుడు నడచు వేగమునకు తయారైనవి. రహదారిపై వాడరాదని కొన్నింటిమీద వ్రాసియే యుండును. బరువు సంఖ్యయు వేగపు అక్షరమును లేని టైరును, అది ఎంత క్రొత్తదైనను, వెనుకబండికి వేయరాదు.

వేగమునకు ఇంత ప్రాముఖ్య మేలనగా, చిన్నచక్రము పెద్దచక్రముకంటె ఎక్కువసారులు తిరుగును. లెక్క వేసి చూడుడు. 8 అంగుళముల రిమ్ముపై నెక్కిన ఈ టైరు మొత్తము అడ్డుకొలత సుమారు 41 సెంటీమీటర్లు. దాని చుట్టుకొలత సుమారు 129. గంటకు 90 కిలోమీటర్ల వేగమున నిమిషమునకు ఒకటిన్నర కిలోమీటరు సాగును గాన, ఆ చక్రము నిమిషమునకు ఇంచుమించు 1,160 మారులు తిరుగవలెను. 64 సెంటీమీటర్ల అడ్డుకొలత గల మోటారు సైకిలు చక్రము అదే కాలమున 750 మారులకు లోపుగానే తిరుగును. తిరిగిన ప్రతిసారియు టైరు నేలకడ నొక్కుకొని మరల సాగును. తీగను పదేపదే వంచినచో వేడెక్కునట్లు రబ్బరును వేడెక్కును. వేడి మితిమీరినపుడు లోపలి పొరలు ఒకదానినుండి యొకటి ఊడిపోవును. పిదప టైరు పగులును.

దీనికి విరుగుడుగా కొందరు 12 అంగుళముల రిమ్ములు వేయింతురు. సుమారు 52 సెంటీమీటర్ల టైరైనచో నిమిషమునకు 920 మారులు తిరిగిన చాలును. రోడ్డుమీది గుంటలలో అంతగా దిగబడదు. కాని చక్రము పెద్దదైన కొలది బండి యెత్తు పెరుగును, మడ్గార్డునకు తగులవచ్చును, మోటారు సైకిలుతో కలుపు కొక్కెము మట్టము మారును. ఇవన్నియు కొలిచిన పిదపనే మార్పు చేయవలెను.

గాలి విషయమున రెండు తప్పులు కలవు. ఒకటి, తక్కువ గాలి. టైరు ఎక్కువగా నొక్కుకొని, పైన చెప్పిన వేడికి గుఱియగును. మోటారు సైకిలు టైరులో గాలి తగ్గినచో నడుపువానికి పిడిలోనే తెలియును; వెనుకబండి టైరులో తగ్గినచో వెంటనే తెలియదు. అది పగిలినపుడు బండి ఒక ప్రక్కకు ఈడ్చును. ఆ యీడ్పు రెండు చక్రములపై నిలిచిన వాహనపు వెనుకభాగమును లాగును. ఒక టైరు పాడగుట మనుష్యుని ప్రాణమునకు ముప్పగుట ఇట్లే.

రెండవ తప్పు ఎక్కువ గాలి. అమెరికాలో దొరకు ఒక రకపు 4.80-8 టైరుపై 590 పౌండ్ల బరువునకు చదరపు అంగుళమునకు 60 పౌండ్ల గాలి యని యుండును. 590 పౌండ్లనగా సుమారు 268 కిలోలు. ఆ గాలి ఆ పూర్తి బరువునకు చెప్పినదే గాని, 75 కిలోలకు కాదు. 75 కిలోలు ఇంచుమించు 165 పౌండ్లు. 165ను 60చే భాగింపగా, టైరు నేలను తాకు చోటు మూడు చదరపు అంగుళములైనను ఉండదు. అది ఉజ్జాయింపు లెక్కయే యైనను విషయమును తెలుపును: బండి చెండువలె ఎగురును, టైరు నడుమ మాత్రమే అరుగును. కావున బండి తయారుచేసినవారు తమ పుస్తకమున గాని, బండిమీది రేకున గాని చెప్పిన కొలతను పాటించి, టైరు చల్లగా నున్నపుడు, ప్రయాణమునకు ముందు, సామాను నింపిన పిదప చూచుకొనవలెను.

ఇక అన్నింటికంటె ముఖ్యమైనది వయస్సు. వెనుకబండి ఏడాదిలో కొలదిదినములే తిరుగును. తక్కిన కాలము ఎండలోనో కొట్టములోనో నిలిచియుండును. దాని గాళ్ళు అరుగవు. చూచువారికి క్రొత్తదివలె కనబడును. కాని రబ్బరు గాలిచేతను వెలుతురుచేతను గట్టిపడి బీటలు వాఱును. తయారుచేయునపుడు రబ్బరులో కలిపిన రక్షకద్రవ్యములు టైరు వంగి సాగుచుండగా పైకి వచ్చి పొరవలె కాపాడును. నిలిచియున్న టైరునకు ఆ మేలు తక్కువ. నేల నొకేచోట నొక్కియుంచుటవలన దాని ఆకృతియు చెడును.

దీనికి దుఃఖకరమైన నిదర్శన మొకటి కలదు. 2012 సెప్టెంబరులో ఇంగ్లండున సంగీతోత్సవమునుండి ఇంటికి మరలుచున్న యువజనుల బస్సు హైండ్‌హెడ్ సమీపమున ముందుటైరు పగిలి, దారితప్పి చెట్టును ఢీకొనెను. నడుపువానితో కూడ ముగ్గురు మరణించిరి. ఆ టైరునకు చట్టము కోరినంత గాడి యుండెను. కాని దాని వయస్సు 19 సంవత్సరములు దాటెను. అది బస్సుకంటెను పాతది. కుమారుని పోగొట్టుకొనిన తల్లి యొకతె పెక్కేండ్లు పాటుపడగా, 2021 ఫిబ్రవరి 1వ తేదీనుండి లారీల యొక్కయు, బస్సుల యొక్కయు ముందు ఇరుసులపై పదేండ్లు మించిన టైర్లను నిషేధించిరి. మోటారు సైకిలు వెనుకబండికి ఆ నిషేధము లేదు. కావున అక్కడ కావలి కాయవలసినవాడు యజమానియే.

వయస్సు తెలియుట సులభము. DOT అను అక్షరములతో మొదలగు వరుసలో చివరి నాలుగంకెలు చూడవలెను. 2319 అని యున్నచో 2019వ సంవత్సరపు 23వ వారమున తయారైనదని యర్థము. చివర మూడంకెలే యున్నచో అది 2000కు పూర్వపుది, సందేహింపక పాఱవేయవలెను. ఐదేండ్లు దాటిన టైరును ఏటేట పరీక్షింప వలెననియు, పదేండ్లకు మించి ఉంచరాదనియు కొందరు తయారుదారులు చెప్పుదురు. క్రొత్తదానిని కొనునపుడును ఈ అంకెలు చూడుడు. అంగడిలో నిలువయున్న కాలమును వయస్సులోనిదే.

మార్చునపుడు రెండు టైర్లను కలిపియే మార్చుట మంచిది. రెండును ఒకే కొలత, ఒకే రకము కావలెను. ఒక ఇరుసుపై ఒకవైపు రేడియల్, వేఱొకవైపు అడ్డుదారముల టైరు వేయుట బ్రిటనులో చట్టవిరుద్ధము కూడ. ట్యూబు గలదైనచో క్రొత్త ట్యూబు వేయవలెను. చక్రము విప్పినపుడే బేరింగుల గ్రీజు చూచుకొనవలెను. కొలదిదూరము నడిచిన పిదప నట్లను మరల బిగింపవలెను. బండిని వాడని కాలమున దిమ్మెలపై నెత్తి, టైర్లకు ఎండ తగులకుండ కప్పియుంచవలెను.

ఇసుకమీద ఇల్లు కట్టినవాని కథ మన బాలబాలికలు ఎఱిగినదే. ఆ యింటి గోడలు చూపునకు బాగుగానే యుండియుండును, లోపము క్రిందనుండెను. బండికి పునాది టైరు. దాని నిగనిగను, గాళ్ళలోతును, వెలను మాత్రమే చూచి ఎన్నుకొనక, కొలత, బరువు, వేగము, వయస్సు అను నాలుగింటిని దానిమీదనే చదివి ఎన్నుకొనుడు. ఇందుకు నిమిషముకంటె ఎక్కువ పట్టదు. సైకిలో, ఆటోయో, కారో గల యిండ్ల పిల్లలు నేటి సాయంకాలమే తమ వాహనపు టైరుప్రక్క కూర్చుండి, దానిమీది అంకెలను చదివి, తలిదండ్రులకు వినిపింతురుగాక.