కార్డులన్నీ పెట్టగానే మైనింగ్ రిగ్ ఆన్ కావట్లేదా? ముందు ఇవి చూడండి

ఒక్క గ్రాఫిక్స్ కార్డుతో బాగానే నడిచిన రిగ్, ఆరు కార్డులు తగిలించగానే మొరాయిస్తుంది. ఫ్యాన్లు తిరుగుతాయి, స్క్రీన్ మాత్రం నల్లగానే ఉంటుంది. మదర్‌బోర్డు పోయిందనుకుని కొత్తది కొనేయకండి.

ముందు ప్లగ్ తీసి, కార్డులన్నీ విప్పేయండి. ఒక్క కార్డును రైజర్ లేకుండా నేరుగా బోర్డు స్లాట్‌లో పెట్టి ఆన్ చేయండి. స్క్రీన్ వచ్చిందంటే బోర్డు, ర్యామ్, ప్రాసెసర్ బాగున్నట్టే.

తర్వాత బయాస్‌లో 'అబవ్ 4జీ డీకోడింగ్' ఆన్ చేయండి. ప్రతి కార్డుకూ మెమరీ అడ్రసుల్లో కొంత చోటు కావాలి. 4 జీబీ లోపు ఉన్న చోటు ఇన్ని కార్డులకు చాలకపోతే బూట్ అక్కడే ఆగిపోతుంది. పీసీఐఈ స్పీడ్‌ను కూడా జెన్ 2 లేదా జెన్ 1కి తగ్గించండి. మైనింగ్‌కు అది సరిపోతుంది.

ఇప్పుడు ప్రతిసారీ పవర్ ఆపి ఒక్కో కార్డు కలుపుతూ చూడండి. ఎక్కడ ఆగిందో ఆ రైజర్ మార్చండి. చాలాసార్లు దొంగ అదే.

అసలు జాగ్రత్త కరెంటు దగ్గర. కార్డు స్లాట్ నుంచి 75 వాట్ల దాకా లాగొచ్చు. సాటా కనెక్టర్ 12 వోల్టుల దగ్గర 54 వాట్లకే తట్టుకుంటుంది. రైజర్‌కు సాటా వైరు తగిలిస్తే కనెక్టర్ కరిగి మంటలు రావచ్చు. పవర్ సప్లై నుంచి 6 పిన్ కేబుల్ నేరుగా ఇవ్వండి.

2022 సెప్టెంబర్‌లో ఎథీరియం మైనింగ్ పద్ధతినే వదిలేసింది. మన దేశంలో క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను ఉంది. రిపేరుకు డబ్బు పెట్టేముందు కరెంటు బిల్లు లెక్క కూడా వేసుకోండి.