పరుగు, మోకాలి నొప్పి: తెలుసుకోవలసిన సంగతులు



థ్యాంక్స్‌గివింగ్ నాడు శాన్ హోసేలో జరిగే టర్కీ ట్రాట్ దగ్గర పడుతుంటే బేలాండ్స్ పార్కులో పరుగు సాధన చేసే మనవాళ్ళూ ఎక్కువవుతారు. దానితోపాటే మోకాలి నొప్పీ మొదలవుతుంది. "పరుగు మానెయ్యి, మోకాళ్ళు అరిగిపోతాయి" అని ఇంట్లో పెద్దవాళ్ళు కంగారుపడతారు. 2017లో వెలువడిన ఒక పరిశోధనల సమీక్ష ప్రకారం, ఆరోగ్యం కోసం పరుగెత్తేవారిలో తుంటి, మోకాలి కీళ్ళ అరుగుదల సుమారు 3.5 శాతం మందికే ఉంది. వ్యాయామం లేనివారిలో అది 10.2 శాతం, పోటీల కోసం పరుగెత్తేవారిలో 13.3 శాతం. కాబట్టి మితమైన పరుగుకు భయపడనక్కరలేదు.

నొప్పి ఎందుకు?

మోకాలి చిప్ప తొడ ఎముక మీది గాడిలో జారుతూ ఉంటుంది. కాలు మడిచి బరువు మోపినకొద్దీ చిప్ప వెనుక ఒత్తిడి పెరుగుతుంది. అందుకే మెట్లు దిగేటప్పుడు, చాలాసేపు కూర్చుని లేచేటప్పుడు చిప్ప చుట్టూ నొప్పి తెలుస్తుంది. అలిపిరి మెట్లు దిగినవారికి ఇది అనుభవమే. వారమంతా ఆఫీసు కుర్చీలో కూర్చుని, శనివారం ఒక్కసారిగా ఆరు మైళ్ళు పరుగెత్తితే అలవాటులేని మోకాలు తట్టుకోలేదు. చాలాసార్లు అసలు కారణం పరుగు కాదు, దాన్ని తొందరపడి పెంచడం.

ఏం చేయాలి?

• పూర్తిగా మానకుండా దూరం, వేగం తగ్గించండి. కొన్నాళ్ళు కొండదారులు వద్దు, చదునైన బాటే మేలు.
• పరుగులో కొద్దిపాటి నొప్పి ఉన్నా మర్నాటి ఉదయానికి తగ్గిపోతే ఫరవాలేదు. తగ్గకపోతే దూరం ఇంకా తగ్గించాలి.
• అడుగులు చిన్నవి చేసి, నిమిషానికి వేసే అడుగులను 5 నుంచి 10 శాతం పెంచితే మోకాలి మీద భారం తగ్గుతుంది.
• తొడ, పిరుదుల కండరాలకు బలం కావాలి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి నడుము పైకెత్తడం, పక్కకు తిరిగి పడుకుని పైకాలు ఎత్తడం రోజు విడిచి రోజు చేయండి. ఒక్కొక్కటి పదిసార్లతో మొదలుపెట్టవచ్చు. గుణం కనబడడానికి కొన్ని వారాలు పడుతుంది, ఓపిక పట్టాలి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు?

మోకాలు వాచినా, పట్టేసి కదలకపోయినా, నిలబడితే జారిపోతున్నట్టున్నా, పడి దెబ్బ తగిలి బరువు మోపలేకపోయినా, రాత్రి నిద్ర పట్టనంత నొప్పి ఉన్నా ఆలస్యం చేయకండి. జ్వరంతో మోకాలు ఎర్రబడి వేడిగా ఉంటే ఆ రోజే చూపించుకోవాలి. పిల్లలు కుంటుతుంటే "ఎదిగే వయసులే" అని ఊరుకోవద్దు.

మరొక్క మాట. నొప్పి ఉన్నవారు పూజలో, భజనలో గంటలకొద్దీ బాసింపట్టు వేసుకుని నేలమీద కూర్చోనక్కరలేదు. కుర్చీలో కూర్చుంటే భక్తికి లోటేమీ రాదు. కుర్చీ అడగడానికి మొహమాటపడకండి.