ఒకే లోడు, మూడు రంగులు!

బయ్యారం వైపు వెళ్తే ఇనుప రాయి, ఇల్లందు వైపు వెళ్తే బొగ్గు. కొత్తగూడెం దాటి అడవి అంచున పాల్వంచకి వస్తే, 1980లో మొదలైన స్పాంజ్ ఐరన్ ప్లాంటు. దేశంలో ఇదే మొదటిది. అలాంటి కొలిముల లోపలి గోడకి ఫైర్ బ్రిక్స్ వాడతారు. మామూలు ఇటుక అక్కడ ఎక్కువ కాలం నిలవదు.

మా మామయ్య ఈ ఇటుకలతోనే బేకరీ పొయ్యిలు కడతారు. సంక్రాంతికి వెళ్లేసరికి 600 ఇటుకల దగ్గర తలపట్టుకుని కూర్చున్నారు. "కొన్ని తెల్లగా, కొన్ని గోధుమ రంగులో, కొన్ని మచ్చలతో ఉన్నాయి అల్లుడూ. సెకండ్స్ తెచ్చావని ఓనరు డబ్బులు ఆపేశాడు" అన్నారు. అంటే మేస్త్రీల కూలీ కూడా ఆగినట్టే.

నేను చదివింది ఇంజనీరింగే అయినా చేసేది సాఫ్ట్‌వేర్. అందుకే కూర్చుని చదివాను. రంగు పెట్టేది ముఖ్యంగా మట్టిలోని ఇనుము. బట్టీలో గాలి బాగా ఆడితే అది ఎర్రబడుతుంది. గాలి చాలక పొగ కమ్మితే అదే ఇనుము బూడిద రంగుకో, నలుపుకో తిరుగుతుంది. ఫైర్‌క్లేలో ఇనుము తక్కువ కాబట్టి ఇటుక మీగడ రంగులో వస్తుంది. మంట దగ్గర పేర్చినది ముదురుగా, దూరంగా ఉన్నది లేతగా కాలుతుంది. ఒకే మట్టి, ఒకే బట్టీ, అయినా రంగులు వేరు!

'తెల్లగా ఉంటే మంచిది' అన్న మాటనీ నమ్మలేం. మట్టిలో సున్నం ఎక్కువున్నా ఇటుక లేత పసుపులో వస్తుంది, కానీ ఎక్కువ వేడికి ముందు మెత్తబడేది అదే. రంగు కన్నా ఐఎస్ 6, ఐఎస్ 8 ముద్రా, అల్యూమినా శాతం రాసిన టెస్ట్ సర్టిఫికెట్టూ అడగడం నయం. మొదటిది మధ్యస్థ వేడికి, రెండోది ఎక్కువ వేడికి. మామయ్య షాపు నుంచి ఆ కాగితం తెప్పించి చూపించాకే ఓనరు మెత్తబడ్డాడు.

నల్ల చుక్కల సంగతి మాత్రం వేరు. మట్టిలోని ఇనుప ఖనిజం ముక్కలు కాలితే అలా అవుతాయి. బేకరీ పొయ్యికి పెద్ద ఇబ్బంది లేదు. స్పాంజ్ ఐరన్ కొలిమిలో అయితే కార్బన్ మోనాక్సైడ్ నిండి ఉంటుంది. ఇటుక మందంలో సుమారు 500 డిగ్రీలుండే చోటికి ఆ గ్యాస్ దూరితే, సరిగ్గా ఆ చుక్కల దగ్గర మసిగా పేరుకుంటుంది. పేరుకున్న మసి ఇటుకని లోపల్నుంచే చీల్చేస్తుంది. పైకి మాత్రం చాలాకాలం ఏమీ కనపడదు.