టెస్ట్ కిట్‌లో ఆ ఎర్ర గీత.. బంగారమే!

వానాకాలం వచ్చిందంటే అమ్మీకో, పిల్లాడికో జ్వరం. ల్యాబ్‌కు వెళ్తే చిన్న ప్లాస్టిక్ కిట్‌పై రక్తం చుక్క వేస్తారు. పావుగంట, ఇరవై నిమిషాల్లో రెండు ఎర్ర గీతలు కనిపిస్తే డెంగీ పాజిటివ్ అంటారు. ఆ ఎరుపు రక్తానిది కాదు. చాలా కిట్లలో అది బంగారం రంగు.

నగల్లో పసుపుగా మెరిసే బంగారాన్ని సుమారు 40 నానోమీటర్ల రేణువులుగా చేస్తే ఎర్రగా కనిపిస్తుంది. మీటరును 100 కోట్ల భాగాలు చేస్తే అందులో ఒకటి నానోమీటరు. ఈ ఎర్ర బంగారం సంగతిని 1857లోనే లండన్‌లో మైఖేల్ ఫారడే వివరించారు. కిట్‌లో ఉండేది లెక్కలోకి రానంత కొంచెం. తీసి అమ్ముకుందామంటే శ్రమ దండగ!

ఈ రేణువులకు యాంటీబాడీలు అంటించి కిట్‌లో ఎండబెడతారు. రక్తంలో డెంగీ వైరస్ వదిలే ఎన్ఎస్1 ప్రోటీన్ ఉంటే అవి దాన్ని పట్టుకుని పట్టీ వెంట పాకుతాయి. 'టీ' దగ్గర కాపు కాసిన మరో యాంటీబాడీ వాటిని ఆపేస్తుంది. రేణువులు పోగుపడి గీత కనిపిస్తుంది. 'సీ' గీత కిట్ పనిచేసిందని చెప్పడానికే. అది రాకపోతే, 'టీ' వచ్చినా ఆ టెస్ట్ చెల్లదు. చెప్పిన టైమ్ దాటాక చూడటం కూడా తప్పే, పట్టీ ఆరాక లేని గీత తేలొచ్చు.

బంగారంతో భయం లేదా? పట్టీలోని రేణువులు ఒంట్లోకి వెళ్లవు, కాబట్టి పేషెంట్‌కు ఇబ్బంది లేదు. తినే వస్తువుల్లో కలిపేవాటి సంగతి వేరు. తెల్లరంగు కోసం వాడే టైటానియం డయాక్సైడ్‌లో నానో రేణువులూ ఉంటాయి. అది సురక్షితమని ఇక చెప్పలేమని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2021లో తేల్చింది. 2022లో అక్కడ ఆహారంలో దాన్ని నిషేధించారు.

అసలు పొరపాటు జరిగేది 'నెగెటివ్' దగ్గరే. ఎన్ఎస్1 ఎక్కువగా దొరికేది జ్వరం మొదలైన తొలి ఐదు రోజుల్లో. ఏడో రోజు గీత రాలేదని డెంగీ కాదనుకోకూడదు, అప్పుడు ఐజీఎం టెస్ట్ చూడాలి. ర్యాపిడ్ కిట్ ఒక్కదాన్నే నమ్మకుండా ఎలైసా టెస్ట్‌తో నిర్ధారించుకోవాలని కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. ప్రభుత్వం గుర్తించిన సెంటినల్ ఆసుపత్రులకు ఐజీఎం ఎలైసా కిట్లు పుణె వైరాలజీ సంస్థ నుంచి ఉచితంగా వస్తాయి.

గీత ఏం చెప్పినా సరే.. జ్వరం తగ్గుతున్న వేళ కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, విపరీతమైన నీరసం కనిపిస్తే రిపోర్ట్ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.