పట్టేసిన పుల్లీని కొట్టొద్దు... లాగండి!

వాగు ఒడ్డునో, పంట కాల్వ మీదో నీళ్లు తోడే పాత ఆయిల్ ఇంజన్లు ఇంకా చాలా ఊళ్లలో పనికొస్తూనే ఉన్నాయి. ఆయిల్ సీలు కారినా, బేరింగు మోగినా చాలా ఇంజన్లలో ముందు ఊడదీయాల్సింది పుల్లీనే. ఏళ్ల తరబడి కదలని పుల్లీ ఓ పట్టాన రాదు. అప్పుడు చేతికొచ్చేది సమ్మెట. నాలుగు దెబ్బలు పడ్డాక పుల్లీ రాకపోగా అంచు పగులుతుంది, లేదా షాఫ్టు కొన విచ్చుకుపోతుంది. చిన్న సీలు కోసం మొదలుపెట్టిన పని క్రాంకు షాఫ్టు దాకా వస్తుంది. పాత మోడళ్లకు విడిభాగాలు దొరకడమూ కష్టమే. ఊళ్లోని వెల్డింగు షాపులో చేయించుకోగలిగిన ఒక చిన్న పనిముట్టు ఈ నష్టాన్ని తప్పిస్తుంది. దాన్నే పుల్లర్ అంటారు.

ఎందుకు పట్టేస్తుంది?

తుప్పు పట్టిన ఇనుము మామూలు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది. షాఫ్టుకూ పుల్లీకీ మధ్య సందు వెంట్రుకవాసి కూడా ఉండదు కాబట్టి, అక్కడ తుప్పు చేరితే రెండూ ఒకదాన్నొకటి బిగించేస్తాయి. పుల్లీ పోత ఇనుముతో చేసింది. అది నొక్కుడును తట్టుకుంటుంది గానీ దెబ్బను తట్టుకోదు. షాఫ్టు మీద కొడితే ఆ అదురు బేరింగులకు తగులుతుంది. గడ్డపారతో ఎత్తితే ఇంజను బాడీ మీద బరువు పడుతుంది. పుల్లర్ బలం మాత్రం పుల్లీకీ షాఫ్టుకీ మధ్యే ఉంటుంది. మిగతా భాగాలకు సెగ తగలదు.

తయారీ ఇలా

25 మి.మీ. మందం ఇనుప ప్లేటు రెండు ముక్కలు కావాలి. ముందు ప్లేటు 250 మి.మీ. పొడవు, 75 మి.మీ. వెడల్పు ఉంటే చాలు. వెనక ప్లేటు అంతే పొడవుతో 150 మి.మీ. వెడల్పు ఉండాలి. వెనక ప్లేటుకు అంచు నుంచి నడిమి దాకా షాఫ్టు పట్టేంత గాడి కోయించండి. అప్పుడది గుర్రపు నాడాలా పుల్లీ వెనక దూరి బొడ్డును పట్టుకుంటుంది. ఇంజనుకూ పుల్లీకీ మధ్య ఆ ప్లేటు దూరే సందు ఉందో లేదో ముందే కొలుచుకోండి.

రెండు ప్లేట్లకూ చెరో పక్కన, నడిమి నుంచి 75 మి.మీ. దూరంలో, ఒకే వరుసలో బెజ్జాలు వేయించాలి. వాటిలో 16 మి.మీ. పొడవు బోల్టులు పుల్లీ ఆకుల మధ్యగా వెళ్తాయి. ముందు ప్లేటు నడుమ 20 మి.మీ. బోల్టుకు మరో బెజ్జం వేయించండి. తల మీద 8.8 అని అచ్చు ఉన్న గట్టి బోల్టులే తీసుకోండి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. నడిమి బోల్టుకు నట్టు ప్లేటుకు లోపలి వైపు, అంటే షాఫ్టు వైపు ఉండాలి. అప్పుడు నట్టు ప్లేటును ఒత్తుకుంటుంది. వెల్డింగు పని అది తిరగకుండా ఆపడమే. బయటి వైపు అతికిస్తే బరువంతా వెల్డింగు మీద పడి ఊడిపోతుంది.

కొన్ని పుల్లీల బొడ్డుకు మరలున్న రెండు బెజ్జాలు కంపెనీవాళ్లే పెట్టి ఉంటారు. అలాంటప్పుడు వెనక ప్లేటుతో పని లేదు. బోల్టులు మాత్రం కనీసం వాటి మందానికి ఒకటిన్నర రెట్లు లోపలికి దిగాలి. 16 మి.మీ. బోల్టయితే 24 మి.మీ. అన్నమాట.

లాగే పద్ధతి

ముందు రోజు సాయంత్రమే తుప్పు గీకి, డీజిలులో కొంచెం ఇంజనాయిలు కలిపి సందులో పోసి వదిలేయండి. తెల్లారి రంగు, మట్టి కింద దాగిన స్క్రూ ఏదైనా ఉందేమో వెతకండి. తలతో ఉండే కీ అయితే దాన్ని ముందే తీయాలి. అది లోపలికి పోనుపోను సన్నబడుతుంది. అది ఉండగా పుల్లీని లాగితే ఇంకా బిగుస్తుంది. కీ తలకూ బొడ్డుకూ మధ్య చీలలు దింపితే బయటికొస్తుంది.

పుల్లర్ బిగించాక రెండు ప్లేట్లూ సమంగా ఉన్నాయో లేదో చూడండి. షాఫ్టు కొనకు చిన్న ఇనుప బిళ్ల అడ్డుపెట్టి, బోల్టు మరలకు గ్రీజు రాసి తిప్పండి. అడుగున్నర పానాను 30 కిలోల బలంతో లాగితే షాఫ్టు మీద సుమారు మూడు టన్నుల ఒత్తిడి పడుతుంది. ఈ ప్లేట్లకు అదే హద్దు. పానాకు పైపు తొడిగి లాగొద్దు.

గట్టిగా బిగిశాక ఆపండి. బోల్టు తల మీద సుత్తితో చిన్నగా తట్టి, పావుగంట ఆగి, పావు చుట్టు తిప్పండి. అప్పటికీ రాకపోతే నూనె శుభ్రంగా తుడిచి, డీజిల్ ట్యాంకు దూరం పెట్టి, బ్లో ల్యాంపుతో బొడ్డును మాత్రమే చుట్టూ వేడి చేయండి. 50 మి.మీ. బెజ్జం 100 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.05 మి.మీ. విప్పారుతుంది. పుల్లీ కదలడానికి అది చాలు. చుక్క నీరు వేస్తే చుయ్‌మనేంత వేడి సరిపోతుంది. చల్లార్చడానికి నీళ్లు మాత్రం గుమ్మరించొద్దు, పోత ఇనుము పగులుతుంది.

ఠప్‌మని ఒక్కసారే వదలొచ్చు. అందుకే ఎదురుగా కాకుండా పక్కన నిలబడండి. పుల్లీ కింద చెక్క దిమ్మె పెట్టండి. షాఫ్టు కొనకు నట్టు ఉండే ఇంజనయితే దాన్ని పూర్తిగా తీయకుండా, పుల్లీ కదలడానికి కాస్త చోటిచ్చి అంచుకు ఉంచండి. పుల్లీ ఎగిరి కాళ్ల మీద పడదు.

తిరిగి ఎక్కించేటప్పుడు షాఫ్టును ఎమెరీ కాగితంతో రుద్ది, బారు షాఫ్టయితే పల్చగా గ్రీజు రాయండి. కొన వైపు సన్నబడే షాఫ్టును పొడిగానే ఎక్కించాలి. ఈసారి ఆ పుల్లీ ఇంత సతాయించదు. పుల్లర్‌కు కాస్త నూనె రాసి దాచుకోండి. బెజ్జాలు కుదిరితే పక్క రైతు ఇంజనుకూ పనికొస్తుంది.