ఇంట తెలుగు, బడిలో తమిళం: పసివారి మాట

తమిళనాట 2006 నాటి చట్టంతో ఒకటవ తరగతి నుండి తమిళం తప్పనిసరి అయింది. అందువల్ల ఇంట తెలుగు మాట్లాడితే బిడ్డ బడిలో వెనుకబడునేమో అన్న భయం పెన్నాగరం ప్రాంతపు తెలుగు కుటుంబాలలో కలగడం సహజం. ఈ భయానికి ఆధారం లేదు. రెండు భాషలు వినడం వలన మాట ఆలస్యం కాదు. ఒకే వాక్యంలో రెండింటినీ కలిపి పలకడం ఆ వయసుకు మామూలే.

మాట నేర్పడానికి వేరే పాఠం అక్కరలేదు. చింతకాయలు కొట్టే వేళ బిడ్డను పక్కన కూర్చోబెట్టుకొని, గింజలు నోట పెట్టకుండా చూస్తూ, పెంకు, ఈనె, గింజ అని చూపి పలకాలి. బిడ్డ "గింజ" అంటే "అవును, నల్లని గింజ" అని ఒక మాట చేర్చి తిరిగి చెప్పాలి. ప్రశ్న అడిగాక బదులు వచ్చేదాకా ఆగాలి. పెద్దలు సాధారణంగా ఆగరు, చిక్కంతా అక్కడే. తమిళంలో చింతపండు "పుళి", అడవి మృగం "పులి". ఏది విన్నదో బొమ్మ చూపమనడం చెవికి మంచి ఆట. అవ్వ చెప్పే పొడుపుకథకు బిడ్డ బదులు పలుకుతుంది, సెల్‌ఫోను పాటకు పలకదు.

రెండేళ్లు నిండినా రెండు మాటలు కలపని బిడ్డను, పిలిస్తే తిరిగి చూడని బిడ్డను ఆలస్యం చేయక ధర్మపురి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో చెవి వైద్యులకు చూపించాలి.